సైనికుల క్యాన్సర్, అణుస్థాయి (మాలిక్యులర్) పరీక్షలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఒంట్లో అంత సత్తువ ఉన్న సైనికులకు క్యాన్సర్ ఏంటి?

వాస్తవం: 1992–2017 మధ్య పనిచేసిన దాదాపు 9 లక్షల మంది అమెరికా సైనిక విమాన, గ్రౌండ్ సిబ్బంది రికార్డులను అక్కడి రక్షణ శాఖ పరిశీలించింది. విమానాల్లో ఎగిరినవాళ్లలో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) సాధారణ జనంలో కంటే 87 శాతం, థైరాయిడ్ క్యాన్సర్ 39 శాతం ఎక్కువ.

అపోహ: జీన్ టెస్ట్ చేయిస్తే కణితి గుట్టంతా తెలిసిపోతుంది.

వాస్తవం: చాలా మందులు పనిచేసేది ప్రోటీన్ మీద. మ్యుటేషన్ (జన్యువులో మార్పు) కనిపించినంత మాత్రాన ఆ ప్రోటీన్ చురుగ్గా ఉందని కాదు. అందుకే 2016లో అమెరికాలో మొదలైన అపోలో అనే క్యాన్సర్ పరిశోధన నెట్‌వర్క్ (మన అపోలో ఆసుపత్రులకూ దీనికీ సంబంధం లేదు) ఒకే కణితిలో డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రోటీన్లు మూడూ చూస్తుంది.

ఈ పరీక్షల ఫలితాల్లో తేడా కొట్టేది ఎక్కువగా ఆపరేషన్ థియేటర్ దగ్గరే. రక్తం అందడం ఆగిన కణితి ముక్కలో ఫాస్ఫేట్ తగిలిన ప్రోటీన్లు నిమిషాల్లో మారిపోతాయి. 30 నిమిషాల్లోపు ద్రవ నత్రజనిలో గడ్డకట్టించాలి. కోసిన సమయం, గడ్డకట్టించిన సమయం రెండూ రాయాలి; రాయకపోతే కనిపించిన మార్పు కణితిదో ఆలస్యానిదో తేలదు. ఫార్మలిన్ రసాయనంలో ఉంచిన ముక్క మైక్రోస్కోపుకు బాగుంటుంది గానీ, అందులో సైటోసిన్ (డీఎన్ఏలో 'సి' అక్షరం) దెబ్బతిని 'సి' ఉండాల్సిన చోట 'టి' చదివిస్తుంది. అంటే లేని మ్యుటేషన్!

అపోహ: అమెరికా సైన్యం దగ్గర కోట్ల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) నమూనాలున్నాయి, వాటిలో కణితి డీఎన్ఏ వెతికేస్తే సరి.

వాస్తవం: హెచ్ఐవీ పరీక్షల్లో మిగిలిన సీరాన్ని 1980ల నుంచి మైనస్ 30 డిగ్రీల దగ్గర దాస్తున్నారు. జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందు తీసిన రక్తం దొరకడం నిజంగా అపురూపం. ప్రోటీన్లకు, యాంటీబాడీలకు పనికొస్తుంది. కణితి డీఎన్ఏకు మాత్రం అంతంతే. సీరం కోసం రక్తం గడ్డకట్టేటప్పుడు తెల్ల రక్తకణాలు పగిలి తమ డీఎన్ఏ వదులుతాయి, కణితిది అందులో కలిసిపోతుంది. కణితి డీఎన్ఏ కోసమైతే ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబులో రక్తం తీసి, కొద్ది గంటల్లోనే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) వేరుచేసి, రెండోసారి కూడా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. తెల్లకణాల డీఎన్ఏనూ విడిగా సీక్వెన్స్ చేయాలి, అంటే అక్షరం అక్షరం చదవాలి. వయసుతో రక్తకణాల్లో వచ్చే డీఎన్ఎంటీ3ఏ, టెట్2 జన్యువుల మ్యుటేషన్లను కణితివనుకునే పొరపాటు అప్పుడే తప్పుతుంది.

అపోహ: క్యాన్సర్ బర్న్ పిట్ (సైనిక స్థావరాల్లో చెత్త తగలబెట్టే గొయ్యి) పొగ వల్లే వచ్చిందని జీన్ రిపోర్టు నిరూపిస్తుంది.

వాస్తవం: పొగాకు, ఎండ డీఎన్ఏలో గుర్తుపట్టగల ముద్ర వేస్తాయి. ప్లాస్టిక్, ఇంధనం, చెత్త కలిపి తగలబెట్టిన పొగకు అలాంటి ప్రత్యేక ముద్రంటూ ఇంకా తేలలేదు. పరిహారానికి ఆ రుజువు అక్కర్లేదు కూడా: అమెరికా మాజీ సైనికుల కోసం తెచ్చిన 2022 పాక్ట్ చట్టం జాబితాలోని క్యాన్సర్లకు రోగ నిర్ధారణ, ఎక్కడ ఎప్పుడు పనిచేశారన్న సర్వీస్ రికార్డు ముఖ్యం.