లేహ్‌లో ఇల్లు కట్టడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

లద్దాఖ్‌లో ఇళ్లు కట్టిస్తానని చెప్పగానే ఊళ్లో చుట్టాలు అడిగేది ఒకటే: "అంత చలిలో మట్టి ఇళ్లేంటి, కాంక్రీటు వేసుకోరా?"

అపోహ: కాంక్రీటు ఇల్లే వెచ్చన.

లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి రాత్రుల్లో మైనస్ 20 దాకా పడిపోతుంది. ఉత్త కాంక్రీటు గోడైతే గదిలో వేడిని బయటికి పంపేస్తుంది. బుఖారీ (గదిని వెచ్చబెట్టే ఇనప పొయ్యి) ఎంత మండించినా తెల్లారేసరికి గోడ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. పచ్చి ఇటుకతో అడుగున్నర మందాన కట్టిన గోడ పగటి ఎండని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. అలాగని మట్టి దుప్పటి కాదు. ఉత్తరం వైపు రెండు వరసలు కట్టి, మధ్యలో గడ్డో రంపపు పొట్టో కూరకపోతే ఆ వేడి నిలవదు. మట్టిని నెత్తిన పెట్టుకునేవాళ్లకి ఈ మాట నచ్చదు.

అపోహ: చలి ప్రాంతంలో ఎండతో పనేముంది?

అక్కడ అసలు పొయ్యి అదే. గాలి చల్లనే గానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశం తేటగా ఉంటుంది. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 32 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. దక్షిణం కిటికీ పెద్దదైతే ఎండ గది లోపలి దాకా పాకుతుంది. వేసవిలో నెత్తి మీదికి వెళ్లిపోతాడు, చూరు నీడ చాలు. లేహ్ దగ్గర ఫే ఊళ్లో సెక్మోల్ అనే ప్రత్యామ్నాయ బడి ప్రాంగణంలో మట్టి భవనాల్ని చలికాలంలో వెచ్చగా ఉంచేది ప్రధానంగా ఈ ఎండే. మన దగ్గర దక్షిణం వీధి స్థలమంటే బేరం తగ్గిస్తారు. నేనిక్కడ ప్లాన్ గీయడం మొదలుపెట్టేదే దక్షిణం గోడతో!

అపోహ: వాన పడదు కాబట్టి టెన్షన్ లేదు.

ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్లే, నిజమే. కానీ 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కుంభవృష్టికి బురద వరద వచ్చి ఇళ్లకి ఇళ్లే కొట్టుకుపోయాయి. తప్పంతా మట్టి గోడల మీదికి తోశారు. నన్నడిగితే సగం తప్పు స్థలానిది. వాగు దారిలో కడితే ఏ గోడైనా ఒకటే.

అపోహ: డబ్బుంటే ఎప్పుడైనా కట్టొచ్చు.

మే నుంచి సెప్టెంబరు దాకే పని. 5 డిగ్రీల కిందికి దిగితే సిమెంటు సరిగా గట్టిపడదు. అందులో నీరు గడ్డకడితే ఇక చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది తొందరపడి అక్టోబరు చివర్లో ప్లాస్టరింగ్ చేయించాను. మార్చిలో వెళ్లి చూస్తే గోడలన్నీ పెచ్చులూడి ఉన్నాయి. ఆ ఖర్చు నా జేబులోంచే పోయింది.