ఐదో రోజు పిండం, మూలకణాలు: అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో ఒక ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టుగా పనిచేస్తున్నాను. నర్సంపేట, ములుగు నుంచి వచ్చే దంపతుల సందేహాలూ, చుట్టాలింట్లో బైపీసీ పిల్లల సందేహాలూ ఇంచుమించు ఒకటే.

అపోహ: మొదటి రోజు నుంచే పిండం సొంత జన్యువులతో నడుస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు అది చాలావరకు తల్లి అండంలో ముందే దాచి ఉన్న ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లతోనే నెట్టుకొస్తుంది. మనుషుల్లో పిండం జన్యువులు పెద్ద ఎత్తున పని మొదలుపెట్టేది నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో. ఎలుకల్లో రెండు కణాలప్పుడే. మూడో రోజు బాగున్న పిండం తర్వాత ఆగిపోవడానికి ఈ మలుపు దాటలేకపోవడం ఒక కారణం. “ల్యాబుల ఏమన్న తప్పయిందా మేడం?” అంటారు. కొందరు అత్తలు కోడలి వంక చూస్తారు. ఆ చూపు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: బిడ్డయ్యే కణాల్లో, మావి అయ్యే కణాల్లో వేర్వేరు జన్యువులుంటాయి.

ఐదో రోజు మైక్రోస్కోపులో నీరు నిండిన గుండ్రటి సంచి, దాని లోపలి గోడకు ఒకచోట అంటుకున్న చిన్న కణాల ముద్ద కనిపిస్తాయి. మేం గ్రేడు ముద్దకు విడిగా, గోడకు విడిగా వేస్తాం. గోడ మావికి, ముద్ద బిడ్డకు. జన్యువులు రెండింట్లోనూ అవే. ఏ కణం ఎక్కడుంది అన్నదానితోనే తేడా మొదలవుతుంది. ఎలుకల్లో స్పష్టంగా తేలిందేమంటే, ఒక వైపు ఖాళీగా ఉన్న బయటి కణంలో యాప్ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి, కణాన్ని మావి దారి పట్టించే సీడీఎక్స్2 జన్యువును ఆన్ చేస్తుంది. చుట్టూ పొరుగు కణాలు ఆనుకున్న లోపలి కణంలో హిప్పో అనే సంకేత వ్యవస్థ యాప్‌ను కేంద్రకంలోకి పోనివ్వదు. అక్కడ ఆక్ట్4, సాక్స్2, నానోగ్ అనే జన్యువులు ఆన్‌లో నిలబడతాయి. ఇవి ఒకదాన్నొకటి ఆన్‌లో ఉంచుకుంటూ, కణాన్ని వేరే దారి పట్టించే జన్యువులను అణచిపెడతాయి. శరీరంలో ఏ కణంగానైనా మారగల శక్తి అంటే ఇదే. పిండంలో అది కొన్ని రోజులే ఉంటుంది. ఈ ముద్ద నుంచి తీసి, ఆ శక్తి పోకుండా ల్యాబ్‌లో పెంచే కణాలే పిండ మూలకణాలు.

అపోహ: ఆక్ట్4 ఎంత ఎక్కువైతే మూలకణం అంత గట్టిది.

చదువుకున్నవాళ్లూ ఇక్కడే బోల్తా పడతారు. ఎలుక మూలకణాల మీద 2000లో వచ్చిన ప్రయోగంలో ఆక్ట్4 తగ్గితే కణాలు మావి వైపు పోయాయి. పెరిగితే, అదీ రెట్టింపు కూడా కాకుండానే, ఎండోడెర్మ్, మీసోడెర్మ్ అనే తర్వాతి పొరల కణాల వైపు మళ్లాయి. మోతాదు అంత కచ్చితంగా ఉండాలి.

అపోహ: ఎలుకలో ఎట్లనో మనిషిలోనూ అట్లనే.

ఆక్ట్4 లేని ఎలుక పిండంలో ముద్ద దారి తప్పినా సంచి ఏర్పడుతుంది. 2017లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మానవ పిండాల్లో ఆ జన్యువును తీసేస్తే సంచి ఏర్పడటమే దెబ్బతింది.

అపోహ: బొడ్డుతాడు రక్తం దాచుకుంటే రేపు ఏ రోగానికైనా మందు.

అందులో ఉన్నవి ముఖ్యంగా రక్తాన్ని తయారుచేసే మూలకణాలు. వాటిలో ఆక్ట్4 ఎప్పుడో ఆఫ్ అయిపోయింది. కొన్ని రక్త వ్యాధులకు అవి నిజంగా పనికొస్తాయి. అయితే కుటుంబంలో వైద్యపరమైన అవసరం లేకుండా ప్రైవేటు బ్యాంకులో డబ్బు కట్టి దాచుకోవడాన్ని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సిఫారసు చేయడం లేదు.