జాష్ గిబ్సన్ హోమ్ రన్లు ఎన్ని?

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1972లో అమర్చిన నల్లజాతి ఆటగాడు జాష్ గిబ్సన్ ఫలకం మీద, ఆయన తన 17 ఏళ్ల ఆటలో దాదాపు 800 హోమ్ రన్లు (బంతిని మైదానం గోడ దాటించే దెబ్బలు) కొట్టాడని చెక్కి ఉంది. అమెరికాలో అత్యున్నత వృత్తి పోటీలైన మేజర్ లీగుల ఇప్పటి అధికారిక పట్టికలో చూస్తే ఆ సంఖ్య రెండు వందలు కూడా దాటదు. ఫలకం రాసినవారు గాలి కబుర్లు నమ్మారనుకోవడం పొరపాటు, పట్టిక ఆయనను తక్కువ చేసిందనుకోవడమూ పొరపాటే. రెండు చోట్లా లెక్కలోకి తీసుకున్న ఆటలు వేరు. కాబట్టి అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: దొరికిన ఆటల ఆధారంగా, గిబ్సన్ సామర్థ్యం గురించి మనం ఎంత కచ్చితంగా చెప్పగలం?

గిబ్సన్ 1911లో జార్జియా రాష్ట్రంలో పుట్టి, పిట్స్‌బర్గ్‌లో పెరిగి, హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ జట్లకు క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనుక బంతిని అందుకునేవాడిగా ఆడాడు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1947 దాకా, కాగితం మీద ఎక్కడా లేని ఒక కట్టుబాటు నల్లజాతి ఆటగాళ్లను మేజర్ లీగ్‌లలోకి రానివ్వలేదు. అందువల్ల వారు నడుపుకున్న, ఆనాడు నీగ్రో లీగులు అని పిలిచిన పోటీలలో ఒక్కో జట్టు ఏడాదికి ఆడిన లీగ్ ఆటలు మేజర్ లీగ్ జట్లు ఆడిన 154లో సగం కూడా కాని సందర్భాలు చాలా ఉన్నాయి. జట్టు ఖర్చులు గడవాలంటే బస్సెక్కి ఊరూరా తిరిగి స్థానిక జట్లతో ఆడవలసిందే. ఫలకం మీది 800లో అలాంటి ఆటలు కూడా కలిసి ఉన్నాయి. మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ 1920–1948 మధ్య నడిచిన ఏడు నల్లజాతి లీగులను 2020 డిసెంబరులో మేజర్ లీగులుగా గుర్తించి, 2024 మేలో వాటి గణాంకాలను తన పట్టికల్లో కలిపింది. దాంతో 0.372 బ్యాటింగ్ సగటుతో గిబ్సన్, 0.367 సగటు ఉన్న పాతతరం మేజర్ లీగ్ ఆటగాడు టై కాబ్‌ను దాటి మొదటి స్థానానికి వచ్చాడు. క్రికెట్‌కు అలవాటుపడిన మనకు ఒక మాట చెప్పాలి: బేస్‌బాల్‌లో ఈ సగటు అంటే అవుట్‌కు ఇన్ని పరుగులని కాదు, బ్యాటింగ్ అవకాశాలలో హిట్లుగా మారినవి, అంటే బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ (పరుగు దారిలోని మజిలీ) చేరినవి ఎంత భాగమన్నది. నడకగా, అంటే బంతి విసిరేవాడు సరిగా వేయనందున కొట్టకుండానే బేస్ దక్కిన సందర్భాలను ఆ అవకాశాల్లో లెక్కించరు.

ఈ గణాంకాలకు ప్రధాన ఆధారం వార్తాపత్రికల్లో అచ్చయిన బాక్స్ స్కోర్లు, అంటే ఆట మొత్తాన్ని కుదించి చూపే చిన్న పట్టికలు. పిట్స్‌బర్గ్ కూరియర్, చికాగో డిఫెండర్ వంటి నల్లజాతి పత్రికలు ఎక్కువ కాలం వారపత్రికలు కావడంతో, వారం మధ్యలో జరిగిన ఆటలు ఒక వాక్యంతో సరిపెట్టబడేవి, లేదా అసలు కనిపించేవే కావు. పరిశోధకులు ఇప్పటికి సుమారు నాలుగింట మూడు వంతుల ఆటల వివరాలు సేకరించగలిగారని అంచనా.

దొరికిన పట్టికలోనూ కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. వాటిని ఊహతో నింపకుండా ఆట నియమాలతోనే నింపే పద్ధతి ఒకటుంది, నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా నచ్చేది అదే. ఒక జట్టు తరఫున బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతి ఆటగాడూ చివరికి మూడింటిలో ఒకటి అవుతాడు: అవుట్ అవుతాడు, పరుగు చేస్తాడు, లేదా ఇన్నింగ్స్ ముగిసేసరికి బేస్ మీద మిగిలిపోతాడు. ఉదాహరణకు ఒక జట్టు తొమ్మిది ఇన్నింగ్స్‌లలో 27 అవుట్లు ఇచ్చి, 6 పరుగులు చేసి, 7 మందిని బేస్‌ల మీద వదిలిందనుకుందాం. మొత్తం 40 సార్లు బ్యాటింగ్ జరిగింది. తొమ్మిది మంది వరుస తప్పకుండా వస్తారు కనుక, వరుసలో మొదటి నలుగురు ఐదేసి సార్లు, మిగతా ఐదుగురు నాలుగేసి సార్లు వచ్చి ఉండాలి. పట్టికలో నాలుగో ఆటగాడి ఎదుట హిట్ల సంఖ్య మాత్రమే ఉన్నా, అతను ఐదుసార్లు వచ్చాడని తప్పకుండా చెప్పవచ్చు. ఎనభై ఏళ్ల కిందట పత్రిక వదిలేసిన అంకె ఇలా కూడికతో తిరిగి దొరుకుతుంది. వాటిలో నడకలు ఎన్నో తెలియకపోతే మాత్రం అక్కడ అంచనా వేయక తప్పదు.

ఆటకు ఆటే దొరకనప్పుడు ఈ కూడిక పనిచేయదు. పైగా పోయిన ఆటలు యాదృచ్ఛికంగా పోలేదు. పెద్ద నగరంలో ఆదివారం జరిగిన రెండు ఆటలకు పత్రికలో చోటు దక్కేది, చిన్న ఊరిలో మంగళవారం జరిగిన ఆటకు దక్కేది కాదు. ఎదురుగా బలమైన పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఉన్న రోజులే ఎక్కువ మిగిలాయా, బలహీనుడు ఉన్న రోజులా అన్నదానిని బట్టి సగటు ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇక ఈ సగటు ఎంత అటూ ఇటూ కావచ్చన్న సంగతి. అధికారిక పట్టికలో గిబ్సన్ బ్యాటింగ్ అవకాశాలు సుమారు 2,250. కాబ్‌వి 11,400కు పైగా ఉన్నాయి. నాణెం పదిసార్లు ఎగరేసి వచ్చిన ఫలితానికీ, వెయ్యిసార్లు ఎగరేసి వచ్చిన ఫలితానికీ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. గణితం ప్రకారం గిబ్సన్ సగటుకు ప్రామాణిక దోషం, అంటే కేవలం యాదృచ్ఛికంగా అటూ ఇటూ కదలగల పరిమాణం, 0.010 దాకా వస్తుంది, కాబ్‌కు 0.005 లోపే. దానికి రెండింతలు అటూ ఇటూ తీసుకుంటే, గిబ్సన్ నిజమైన సామర్థ్యం ఇంచుమించు 0.352, 0.392 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. దొరికిన ఆటలలో 0.372 అన్నది జరిగిన వాస్తవం, అందులో వాదన లేదు. కాబ్ కన్నా గొప్ప బ్యాటర్ అని ఈ 0.005 తేడా ఒక్కటే రుజువు చేయదు, కాదనీ రుజువు చేయదు.

హోమ్ రన్లకు ఇదే పద్ధతి వాడి చూద్దాం. గిబ్సన్ సుమారు 13 అవకాశాలకు ఒకటి చొప్పున కొట్టాడు, మేజర్ లీగ్ హోమ్ రన్లకు పేరుపొందిన బేబ్ రూత్ 12కు ఒకటి చొప్పున. ఏడాదికి 500 అవకాశాలతో 15 ఏళ్లు అనుకుంటే 7,500 అవకాశాలకు 575 దాకా వస్తాయి. అయితే క్యాచర్ మోకాళ్ల మీద కూర్చునే శ్రమ వల్ల ప్రతిరోజూ ఆడలేడు, కాబట్టి 400 అవకాశాలనుకోవడమే న్యాయం. అప్పుడు 460 అవుతాయి. మరోవైపు గ్రేస్ జట్టు 1940ల్లో చాలా ఆటలు ఆడిన వాషింగ్టన్ గ్రిఫిత్ స్టేడియంలో ఎడమవైపు గోడ 400 అడుగులకు పైగా దూరంలో ఉండేది. కుడిచేతి బ్యాటర్ బలంగా కొట్టే బంతి వెళ్లేది అటే, అక్కడ పట్టుబడిన బంతులు ఇతర మైదానాల్లో గోడ దాటేవి. ఇవన్నీ కలిపి 450, 600 మధ్య అని చెప్పడం నా దృష్టిలో నిజాయితీగల జవాబు. దీనిని ఒకే అంకెకు కుదిస్తే లేని కచ్చితత్వాన్ని నటించినట్లవుతుంది.

ఎదుటి బౌలింగ్ నాణ్యతను, అంటే పిచ్చర్ల స్థాయిని కొలవడం ఇంకా కష్టం. 1947 నుంచి జాకీ రాబిన్సన్, లారీ డోబీ, రాయ్ క్యాంపనెల్లా వంటి నల్లజాతి ఆటగాళ్లు మేజర్ లీగ్‌లలోకి వెళ్లారు కనుక, వారి ముందు వెనుక గణాంకాలను పోల్చి లీగుల మధ్య మారకపు రేటు కట్టవచ్చు. కానీ అలా ఎంపికైనవారు ఎక్కువగా ఇంకా మెరుగుపడుతున్న యువకులు, వారి ఎదుగుదలనూ లీగుల తేడానూ విడదీయడం తేలిక కాదు. గిబ్సన్‌కు ఆ అవకాశమే రాలేదు. రాబిన్సన్ మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు, 1947 జనవరి 20న, 35 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు.

ఈ అంకెలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. 1943లో ఆయన సగటు 0.441 అని 2020 డిసెంబరులో పత్రికలు రాశాయి. 2024 నాటి అధికారిక పట్టికలో అదే ఏడాదికి 0.466 ఉంది. ఆ సీజన్‌లో ఉన్నవి సుమారు 250 అవకాశాలే కాబట్టి దానికి ప్రామాణిక దోషం 0.03కు పైనే, ఈ రెండు అంకెల మధ్య దూరం ఆ దోషం లోపలే ఇముడుతుంది.