పంటు ఎవరు ఎక్కాలి?

నరసాపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని పంపిన ప్రశ్న ఇది. ‘అడ్వైజ్’ అన్నా ‘సజెస్ట్’ అన్నా సలహా ఇవ్వడమే కదా, అలాంటప్పుడు ‘హి అడ్వైజ్డ్ మి టు గో’ ఒప్పు, ‘హి సజెస్టెడ్ మి టు గో’ తప్పు ఎలా అయ్యాయి? క్లాసులో అడిగితే ‘ఇంగ్లీషు అంతే, బట్టీ పట్టు’ అన్నారట. ఆ జవాబు చదివితే ఒళ్ళు మండింది. ఇంగ్లీషులో బట్టీ పట్టక తప్పని చోట్లు చాలానే ఉన్నాయి కానీ, ఇక్కడ అడిగితే చెప్పగలిగిన కారణం ఉంది. సకర్మక, అకర్మక క్రియల పాఠం అందరూ బడిలో విన్నదే కనుక దాని జోలికి పోను. నేరుగా రేవుకు పోదాం.

నరసాపురంలో వశిష్ఠ గోదావరి ఒడ్డున పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే అవతల సఖినేటిపల్లిలో దిగవచ్చు. ఆ రేవులో రాంబాబు, సూరిబాబు నిలబడి ఉన్నారనుకోండి. ‘రాంబాబు పర్‌స్వేడెడ్ సూరిబాబు టు బోర్డ్’ అంటే నచ్చజెప్పింది రాంబాబు, పంటు ఎక్కేది సూరిబాబు. ఒక్క క్రియను మార్చి ‘రాంబాబు ప్రామిస్డ్ సూరిబాబు టు బోర్డ్’ అనండి. మాట ఇచ్చిందీ రాంబాబే, పంటు ఎక్కేదీ రాంబాబే. పదాల వరస మారలేదు, పేర్లు ఉన్న చోటే ఉన్నాయి, ‘టు బోర్డ్’లో అక్షరం కదలలేదు. అయినా ఎక్కే మనిషి మారిపోయాడు!

‘టు బోర్డ్’ లాంటి ఇన్ఫినిటివ్‌కు కాలం లేదు, పురుష లేదు, వచనం లేదు. దాని కర్త పైకి కనిపించడు. ఆ కర్త ఎవరో తేల్చే పెత్తనం ముందున్న క్రియది. భాషాశాస్త్రంలో ఈ పెత్తనానికి ‘కంట్రోల్’ అని, ఆ కనిపించని కర్తకు ‘ప్రో’ అని పేర్లు పెట్టారు. ‘పర్‌స్వేడ్’ తన పక్కనున్న కర్మను పంటు ఎక్కిస్తుంది. ‘టెల్’, ‘ఆర్డర్’, ‘ఫోర్స్’, ‘అలౌ’, ‘టీచ్’, అన్నీ దాని బాటే. కర్మను పక్కనే ఉంచుకుని కూడా కర్తను ఎక్కించే ‘ప్రామిస్’ దాదాపు ఒంటరిది. ఇక ‘ఆస్క్’ తమాషా చూడండి. ‘రాంబాబు ఆస్క్డ్ టు బోర్డ్’ అంటే తానే ఎక్కుతానని అడిగాడు. మధ్యలో ‘హిమ్’ అని ఒక్క సర్వనామం చేర్చండి, రాంబాబు ఒడ్డునే ఉండిపోయి అవతలివాడు ఎక్కుతాడు.

తెలుగులో ఈ గొడవ చాలావరకు లేదు. ‘ఎక్కుతానని మాట ఇచ్చాడు’, ‘ఎక్కమని నచ్చజెప్పాడు’ అంటాం. మొదటి వాక్యంలో రాంబాబు నోటి మాట ‘ఎక్కుతాను’ యథాతథంగా వచ్చి ‘అని’కి అతుక్కుంది. రెండోదానిలో ‘ఎక్కు’ అన్న ఆజ్ఞ ‘ఎక్కమని’ అయింది. ఎక్కేది ఎవరో క్రియ చివరే రాసి ఉంది. మనకు ఇన్ఫినిటివ్ లేదని కాదు. వ్యాకరణాలు తుమున్నర్థకం అంటాయి, ‘ఎక్కనిచ్చాడు’లో ఉన్నది అదే. ఇలాంటి పనికి మాత్రం దానిని పంపం. ‘ఎక్కాలని అన్నాడు’ అంటే ఎవరు ఎక్కాలి? ‘ఎక్కాలి’కి పురుష భేదం లేదు కనుక అప్పుడు తెలుగువాళ్ళం కూడా అటూ ఇటూ చూడవలసిందే.

ఇంగ్లీషు మాతృభాషగా పెరిగే పిల్లలకైనా ఇది తేలిక కాదు. భాషాశాస్త్రవేత్త కరోల్ చామ్‌స్కీ ఐదు నుంచి పదేళ్ళ పిల్లల చేతికి బొమ్మలు ఇచ్చి, ఫలానా బొమ్మ ఫలానా బొమ్మకు గెంతుతానని ‘ప్రామిస్’ చేసింది, ఇప్పుడు గెంతించు అని అడిగారు. ధారాళంగా మాట్లాడే పిల్లల్లో కూడా కొందరు మాట ఇచ్చిన బొమ్మను వదిలేసి రెండో బొమ్మను గెంతించారు. ‘టు’కు దగ్గరగా ఉన్న పేరే కర్త అని వాళ్ళ లెక్క. ‘పర్‌స్వేడ్’ గుంపు నేర్పిన లెక్క అది. ఈ ఫలితాలు 1969లో పుస్తకంగా వచ్చాయి. ‘ఇంగ్లీషు మీడియంలో వేస్తే గ్రామర్ దానంతట అదే వచ్చేస్తుంది’ అనే మూఢనమ్మకం ఉన్న తల్లిదండ్రులు ఆ బొమ్మలను తలచుకోవాలి.

ఇప్పుడు కాస్త చిక్కటి విషయం. ‘ఐ ఎక్స్‌పెక్టెడ్ హిమ్ టు గో’, ‘ఐ పర్‌స్వేడెడ్ హిమ్ టు గో’ కవల పిల్లల్లా ఉంటాయి. వెళ్ళే మనిషి కర్త అయినా రెండింటిలోనూ ‘హి’ రాలేదు, కర్మరూపం ‘హిమ్’ వచ్చింది. లోపల మాత్రం పొంతన లేదు. ఫొటోగ్రాఫర్ పెళ్ళికూతురిని ఫొటో తీస్తాడని ‘ఎక్స్‌పెక్ట్’ చేశాననండి, పెళ్ళికూతురు ఫొటోగ్రాఫర్ చేత ఫొటో తీయబడుతుందని ‘ఎక్స్‌పెక్ట్’ చేశాననండి, అర్థం ఒకటే. అదే ‘పర్‌స్వేడ్’ అయితే, మొదటి వాక్యంలో నేను బతిమాలింది ఫొటోగ్రాఫర్‌ను, రెండో దానిలో పెళ్ళికూతురిని. ‘ఎక్స్‌పెక్ట్’కు మనిషితో పని లేదు, జరగబోయే సంఘటన మొత్తం దాని కర్మ. ‘పర్‌స్వేడ్’కు ముందు ఒక మనిషి కావాలి, ఆ తర్వాతే పని. అందుకే ‘ఐ ఎక్స్‌పెక్ట్ దేర్ టు బి ఎ ఫ్లడ్’ అనవచ్చు. ‘ఎక్స్‌పెక్ట్’ తీసి ‘పర్‌స్వేడ్’ పెడితే వాక్యం కూలిపోతుంది. గోదావరికి వరద వస్తుందని అనుకోవచ్చు కానీ, అర్థమే లేని ‘దేర్’కు ఎవరు నచ్చజెప్పగలరు?

క్రియకు ఇలా ఏవో కావలసి రావడాన్ని మన శాస్త్రకారులు ‘ఆకాంక్ష’ అన్నారు. ఫ్రాన్స్‌లో భాషాశాస్త్రవేత్త ల్యూసియాన్ టేనియేర్ పుస్తకం ఆయన పోయాక 1959లో వచ్చింది. అందులో ఆయన రసాయన శాస్త్రం నుంచి, పరమాణువు ఎన్ని బంధాలు కట్టగలదో చెప్పే ‘వేలన్సీ’ అన్న మాట అరువు తెచ్చుకున్నారు. నాకు ఆకాంక్షే నచ్చుతుంది.

నరసాపురం అమ్మాయి ప్రశ్నకు జవాబు ఈ ఆకాంక్షలోనే ఉంది. ‘అడ్వైజ్’ ఆకాంక్ష మనిషి. ‘అడ్వైజ్ హిమ్’ అంటే అతనికి సలహా ఇవ్వు అని. మనిషికి చోటు ఉంది కనుక అతని వెనుక ‘టు గో’ నిలబడగలదు, పంటు ఎక్కేది అతనే. ‘సజెస్ట్’ ఆకాంక్ష ఆలోచన. ‘సజెస్ట్ హిమ్’ అంటే ఏదో పదవికి అతని పేరు ప్రతిపాదించు అని అర్థం వస్తుంది. తెలుగులో ‘నాకు సూచించాడు’, ‘నన్ను సూచించాడు’ మధ్య ఉన్న తేడాయే ఇది. ‘హి సజెస్టెడ్ మి’ వరకు వినగానే వినేవాడికి నా పేరు ఏ పదవికో వెళ్ళిందని తోస్తుంది, ఆ తర్వాత వచ్చే ‘టు గో’కు నిలబడే చోటు లేదు. ఆలోచనను వాక్యం చేసి ‘సజెస్టెడ్ దట్ ఐ గో’ అనాలి, లేదా ‘సజెస్టెడ్ గోయింగ్’ అనాలి. మనిషిని చెప్పే తీరాలంటే ‘టు మి’ అని ప్రిపొజిషన్ తోడిచ్చి పక్కన కూర్చోబెట్టాలి.

‘ఎక్స్‌ప్లెయిన్ మి’ కూడా అలాంటి తప్పే, అయితే దాని వెనుక చరిత్ర ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి, లాటిన్ మాటలు ఇంగ్లీషులోకి వెల్లువెత్తాయి. ‘గివ్’, ‘టెల్’, ‘సెండ్’, ‘షో’ లాంటి పొట్టి పాత క్రియలు మనిషినీ వస్తువునీ ఏ ప్రిపొజిషన్ లేకుండా పక్కపక్కనే మోస్తాయి. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘డెమాన్‌స్ట్రేట్’ లాంటి లాటిన్ సంతతి సాధారణంగా మోయదు, మనిషికి ‘టు’ కావాలి. ‘ఆఫర్’, ‘ప్రామిస్’ కూడా లాటిన్ నుంచి వచ్చినవే. పొట్టిగా ఉండి, మొదటి అక్షరం మీద ఊనిక (స్ట్రెస్) పడడంతో దేశి మాటల్లా చలామణి అవుతున్నాయి. భాషను పరిశోధించే మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ బృందం లేని క్రియలను కల్పించి ఇంగ్లీషువాళ్ళ ముందు పెడితే, దేశిలా వినిపించే పొట్టి క్రియలకే రెండు కర్మలను వాళ్ళు ఎక్కువగా ఒప్పుకున్నారు. 1989లో ప్రచురించిన పరిశోధన ఇది. వాళ్ళకు ఈ చరిత్ర ఎవరూ పాఠం చెప్పలేదు, చెవికి తెలిసిందంతే. మనకేమో ‘నాకు చెప్పు’, ‘నాకు చూపించు’, ‘నాకు వివరించు’ అన్నింటికీ ఒకే ‘కు’. ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అనకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మన విద్యార్థుల చేతుల్లో ఉండే నిఘంటువులు చాలావరకు ‘సజెస్ట్: సూచించు’ అని ఊరుకుంటాయి. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన ఏ.ఎస్. హార్న్‌బీ, ఏ క్రియ వెనుక ఏమి రావచ్చో నమూనాలు కట్టి సూచించే నిఘంటువును 1942లో టోక్యోలో వెలువరించారు. అర్థం పక్కన ఆకాంక్షను కూడా అచ్చువేసే అలాంటి నిఘంటువు ఒకటి మా అమ్మాయిలకు కొనిపెట్టమని కాలేజీలను కోరుతున్నాను.

ఆ అమ్మాయి చివర్లో ‘డిస్కస్ అబౌట్’ సంగతి కూడా అడిగింది. ‘డిస్కషన్’ అనే నామవాచకానికి ‘అబౌట్’ చెల్లుతుంది, ‘డిస్కస్’ క్రియకు విషయమే నేరుగా కర్మ కనుక అది అక్కరలేదు. ‘దాని గురించి చర్చించాం’ అనే అలవాటు కొద్దీ మనం చేరుస్తున్నాం. మనమే కాదు, ఇంకా కొన్ని దేశాలవాళ్ళూ చేరుస్తున్నారు. ‘టాక్ అబౌట్’, ‘స్పీక్ అబౌట్’ పక్కనే ఉన్నాయి కాబట్టి ఇది ఒకనాటికి ఒప్పు అయిపోయినా నాకు అభ్యంతరం లేదు. ఈలోగా పరీక్షలో రాస్తే మార్కు పోతుంది.