ఐదేళ్ల గొంగళి, రెండు రోజుల మాత్

సీతాకోకచిలుక జీవితచక్రం బొమ్మ బడిలో అందరం వేసిందే: గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, రెక్కల పురుగు, నాలుగూ ఒకే సైజులో, మధ్యలో బాణాలు. అది చూసిన పిల్లలు రెక్కలొచ్చాకే అసలు బతుకు మొదలవుతుందనుకుంటారు. టీచర్లు దాని పక్కనే న్యూజిలాండ్ పూరిరి మాత్ (సీతాకోకచిలుకకు దగ్గరి చుట్టం, రాత్రిళ్లు ఎగిరే రెక్కల పురుగు) గురించి కూడా చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ దేశపు ఉత్తర దీవిలో తప్ప ఇంకెక్కడా లేని ఆకుపచ్చ మాత్ ఇది. ఆడదాని రెక్కలు చాపితే 15 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. రెక్కలొచ్చాక బతికేది మాత్రం ఒకటి రెండు రోజులే, అప్పుడు తినడానికి నోరు కూడా ఉండదు. గొంగళిగా మాత్రం ఐదేళ్ల దాకా బతుకుతుంది.

మొదటి కొన్ని నెలలు అడవి నేల మీద, కుళ్లిన కొమ్మలకు పట్టిన బూజు తిని పెరుగుతుంది. తర్వాత చెట్టెక్కి, మానులోకి అడ్డంగా తొలిచి, అక్కణ్ణుంచి కిందికి తిరుగుతుంది. మానును నిలువునా చీల్చి చూస్తే సొరంగం అచ్చం 7 అంకెలా కనిపిస్తుంది. అయితే ఆ చెక్కను అది తినదు, సొరంగం ఉండడానికే. తిండి గుమ్మం దగ్గరే!

కన్నం చుట్టూ బెరడు కొరికితే, చెట్టు ఆ గాయాన్ని మాన్పుకోవడానికి బెరడు కింద ఉండే కేంబియం అనే పొర నుంచి కేలస్ అనే మెత్తటి కణజాలాన్ని పెంచుతుంది. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ ఇందులో పెద్దగా ఉండదు కాబట్టి కొరకడం తేలిక. పురుగు దాన్ని తింటుంది, చెట్టు మళ్లీ పెంచుతుంది. పెరట్లో గోంగూర కోసిన కొద్దీ చిగురించినట్టే. మొక్కను వేళ్లతో పీకేస్తే రేపటికి కూర ఉండదు, ఈ పురుగు కూడా మాను చుట్టూ కొరక్కుండా గుమ్మం చుట్టూ ఉన్న ఒక్క మడితోనే సరిపెట్టుకుంటుంది, అందుకే చెట్టూ బతుకుతుంది, తిండీ ఏళ్ల తరబడి దొరుకుతుంది. పైగా పట్టుదారంలో చెక్కపొట్టు కలిపి ఆ మడి మీద పందిరి వేస్తుంది, బయటినుంచి చూస్తే బెరడే అనుకుంటాం. రాత్రిళ్లు ఆ పందిరి చాటునే కోత.

ప్యూపా కూడా కదలకుండా పడి ఉండదు, ఒంటి మీది ముళ్లతో సొరంగంలో పైకీ కిందికీ పాకుతుంది. సాయంత్రం పూట గుమ్మం దాకా వచ్చి పగులుతుంది, మాత్ బయటికొస్తుంది. ఇక జత వెతుక్కోవాలి, ఆడదైతే 2000 దాకా గుడ్లు నేల మీద వెదజల్లాలి.

దీపం దగ్గరికి పెద్ద మాత్ వస్తే అపశకునమని చీపురుతో కొట్టేవాళ్లున్నారు, దయచేసి కొట్టకండి. మిగిలిందే కొద్ది గంటలు కావచ్చు.