కేటీటీ బండ్ల ఊరు

చిరంజీవులకు ఆశీస్సులు.

నేను పంపిన ఫొటోలో కొండను వదిలేసి కారు నంబరు చూశారన్నమాట! పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో మీ అత్తయ్య కారుకు ‘కేఆర్’ ఉంటే, ఈ జకోపానె ఊరి బండ్లకు ‘కేటీటీ’ ఎందుకని అడిగారు. ‘కే’ మవోపోల్స్కా అనే పెద్ద ప్రాంతానికి గుర్తు. ‘టీటీ’ టాట్రా పొవ్యత్‌కు. పొవ్యత్ అంటే జిల్లా అనుకోండి. కాకపోతే బుల్లి జిల్లా, సుమారు 472 చదరపు కిలోమీటర్లు. పోలండ్‌లో ఇలాంటివి 314 ఉన్నాయి. 1975లో వీటిని రద్దు చేసి, మళ్ళీ 1999 జనవరి 1న తెచ్చారు.

దక్షిణాన టాట్రా కొండలు గోడ కట్టినట్టు నిలబడతాయి. వాటి వెనక స్లొవాకియా. సరిహద్దు మీదున్న రిసి శిఖరం ఎత్తు దాదాపు 2,500 మీటర్లు, పోలండ్‌లో అంతకన్నా ఎత్తైనది లేదు. ఇక్కడి వాగులు దునాయెత్స్ నదిలోకి, అక్కడినుంచి విస్తులాలోకి, చివరికి ఉత్తరాన బాల్టిక్ సముద్రంలోకి చేరతాయి.

ఈ పొవ్యత్‌లో గ్మీనాలు, అంటే ఇంకా చిన్న పాలనా విభాగాలు, ఐదు. జకోపానె పట్టణం ఒకటి. కొష్చెలిస్కో, పొరోనిన్, బియావి దునాయెత్స్, బుకోవినా తట్షాన్‌స్కా పల్లె గ్మీనాలు. బడి, మంచినీళ్ళు, చెత్త గ్మీనా చూస్తుంది. ఉన్నత పాఠశాల, ఆసుపత్రి, బండి రిజిస్ట్రేషను పొవ్యత్ పని. పొవ్యత్ పెద్దను స్తారోస్తా అంటారు. ఆయనను కౌన్సిల్ సభ్యులు ఎన్నుకుంటారు. పల్లె గ్మీనా పెద్ద వూయ్త్‌కు మాత్రం జనమే నేరుగా ఓటు వేస్తారు. అందుకే మన కలెక్టరు తహసీల్దారును పిలిపించినట్టు స్తారోస్తా వూయ్త్‌ను పిలిపించలేడు. ఇది అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మరి కొండలెవరివి? అక్కడుంది తిరకాసు. పొవ్యత్ నేలలో సగానికి కాస్త తక్కువ భాగం 1954లో ఏర్పడిన జాతీయ ఉద్యానవనం. దాని డైరెక్టరును దేశ పర్యావరణ మంత్రి నియమిస్తారు. అయితే ఉద్యానవనం నడుమ నుంచి మోర్‌స్కియె ఒకో సరస్సు వైపు వెళ్ళే రోడ్డు పొవ్యత్‌ది! చుట్టూ అడవి ఒకరిది, కాళ్ళ కింద తారు మరొకరిది. ఆ దారిలో తిరిగే గుర్రపు బండ్లు ఉండాలా వద్దా అని ఏళ్ళ తరబడి వాదులాట. నేను మాత్రం నడిచే వెళ్ళాను. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. మోకాళ్ళు ఇంకా తిడుతున్నాయి.

ఆ సరస్సు కోసం ఒకప్పుడు పెద్ద తగువే నడిచింది. అప్పట్లో పోలండ్ అనే రాజ్యమే లేదు. ఈ నేల ఆస్ట్రియా ఏలుబడిలోని గలీసియాలో ఉండేది. సరస్సు మాదని హంగరీ వైపు వాళ్ళు పట్టుబట్టారు. 1902లో గ్రాట్స్ నగరంలో కూర్చున్న మధ్యవర్తులు గలీసియాకే ఇచ్చారు. గలీసియా తరఫున వాదించిన ఓస్వాల్డ్ బాల్జెర్ పేరే ఆ రోడ్డుకు పెట్టారు.

చిన్నవాడు అడిగిన ప్రశ్న మిగిలింది: రోడ్డు మీది మంచు ఎవరు ఎత్తుతారని. గ్మీనా రోడ్డయితే గ్మీనా, పొవ్యత్ రోడ్డయితే పొవ్యత్. ఇంటిని ఆనుకున్న కాలిబాట మీదిది మాత్రం ఇంటి యజమానే ఎత్తాలని చట్టం. మేము దిగిన ఇంటాయన ఇప్పుడే పార తీసుకుని బయటికి వెళ్ళాడు. సాయం చేద్దామని లేచాను గానీ, మీ అత్తయ్య నా చెప్పులు దాచేసింది.

మీ తాతయ్య