ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు వీడియోలు ఎడిట్ చేయడంలో చూపిస్తున్న శ్రద్ధ నాకెంతో సంతోషం కలిగిస్తోంది. ఏ క్లిప్‌ను ఎక్కడ తెంచాలి, సంగీతాన్ని ఎక్కడ తగ్గించాలి, మాట ఎక్కడ మొదలవ్వాలి అని గంటల తరబడి కూర్చుని దిద్దుకుంటారు. అంత చేశాక ఎక్స్‌పోర్ట్ తెర తెరుచుకోగానే మాత్రం, అందులోని అంకెలూ పొట్టి పేర్లూ చూసి, సాఫ్ట్‌వేర్ ముందే పెట్టి ఉంచినవాటిని అలాగే వదిలి బటన్ నొక్కేస్తారు. చూసేవాళ్లకు మీ టైమ్‌లైన్ కనిపించదు. ఆ బటన్ నొక్కాక తయారైన ఫైలే కనిపిస్తుంది. అందుకని ఆ ఒక్క తెర గురించి మీకు వివరంగా రాయాలనిపించింది.

ముందుగా చిన్న లెక్క చేద్దాం. 1080పి వీడియోలో ఒక ఫ్రేముకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు బైట్లు వేసుకుంటే ఫ్రేముకు సుమారు 62 లక్షల బైట్లు. సెకనుకు 30 ఫ్రేములంటే దాదాపు 187 మెగాబైట్లు, నిమిషానికి 11 గిగాబైట్ల పైమాటే. మీరు సాధారణంగా ఎక్స్‌పోర్ట్ చేసేది సెకనుకు 8 మెగాబిట్ల దగ్గర, అంటే సెకనుకు ఒక్క మెగాబైటు. 187 వంతుల చోట ఒక్క వంతుతో సరిపెడుతున్నామన్న మాట. ఎక్స్‌పోర్ట్ అంటే ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తేల్చే పని. వదలడంలో సాఫ్ట్‌వేర్ చాలా నేర్పు చూపిస్తుంది, కానీ ఈ వీడియో ఎవరి దగ్గరికి వెళుతుందో, ఇందులో ఏది చెడకూడదో దానికి తెలియదు. అది మీకే తెలుసు, కాబట్టి ఆ నిర్ణయం మీరే చేయాలి.

ఆ నేర్పు ఎలాంటిదో కొంచెం తెలిస్తే తక్కినదంతా సులువవుతుంది. మాట్లాడుతున్న మనిషి వెనక ఉన్న గోడ సెకనులో 30 సార్లూ అదే గోడ. అందువల్ల ఎన్‌కోడర్, అంటే వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్, అక్కడక్కడా కొన్ని ఫ్రేములను మాత్రమే పూర్తిగా దాస్తుంది, వాటిని కీఫ్రేములంటారు. (యానిమేషన్ కోసం మీరు టైమ్‌లైన్‌లో పెట్టుకునే కీఫ్రేములు వేరు, వాటితో దీన్ని కలపకండి.) మిగిలిన ఫ్రేములకు, ముందూ వెనకా ఉన్నవాటితో పోలిస్తే ఏది మారింది, ఏది ఎటు జరిగింది అన్నంత వరకే రాసుకుంటుంది. పైగా మన కన్ను వెలుగునీడల తేడాను పట్టుకున్నంత సూక్ష్మంగా రంగుల తేడాను పట్టుకోలేదు కనుక, 4:2:0 అనే పద్ధతిలో నాలుగు పిక్సెళ్లకూ కలిపి ఒకే రంగు సమాచారాన్ని ఉంచుతుంది. దీని ఫలితం మీ కళ్లతో మీరే చూడవచ్చు. ముదురు నీలం మీద సన్నని ఎర్ర అక్షరాలతో ఒక టైటిల్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫ్రేమును పెద్దది చేసి చూడండి. అక్షరాల అంచుల్లో ఎరుపు పక్కకు కారినట్టు, గీత మసకబారినట్టు కనిపిస్తుంది. అదే అక్షరాలు తెల్లవైతే అంచులు తేటగా నిలుస్తాయి. ఇలాంటి చోట ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్ మార్చడం కంటే అక్షరాల రంగు మార్చుకోవడమే మేలు.

ఇక ఫార్మాట్ సంగతి. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ అనేవి కవర్ల వంటివి. లోపలి ఉత్తరం ఏ లిపిలో రాసి ఉందో కవరు చూస్తే తెలియదు. ఆ లిపి కోడెక్. ఒకే ఎంపీ4 పేరుతో ఉన్న రెండు ఫైళ్లలో ఒకటి మీ టీవీలో ఆడి, రెండోది ఆడకపోవడానికి సాధారణంగా కారణం ఇదే. కోడెక్‌లలో హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. ఇన్నేళ్లలో ఫోన్లు, టీవీలు, బ్రౌజర్లు, పాత కంప్యూటర్లు అన్నీ దాన్ని చదవడం నేర్చుకున్నాయి. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, అదే నాణ్యతను దాదాపు సగం బరువుతో ఇవ్వాలన్న లక్ష్యంతో తయారైంది. 4కే వీడియోలకు అది బాగా పనికొస్తుంది. కానీ పాత పరికరాల్లో బొమ్మ రాకుండా శబ్దం మాత్రమే వినిపించడమో, బొమ్మ ఆగి ఆగి నడవడమో జరుగుతుంది. 2018లో విడుదలైన ఏవీ1 ఇంకా పొదుపరి, లైసెన్సు రుసుములు లేకుండా వాడుకునేందుకు రూపొందించినది, అయితే దానిలోకి ఎన్‌కోడ్ చేయడానికి కంప్యూటర్ చాలా శ్రమపడాలి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: చూసేవాళ్ల దగ్గర ఏ పరికరం ఉందో మీకు తెలియనప్పుడు ఎంపీ4 కవరులో హెచ్.264 పెట్టండి. కొత్తది కదా అని హెచ్.265 ఎంచుకుని, అవతలివాళ్లు చూడలేకపోతే ఆదా అయిన బరువు ఎవరికీ ఉపయోగపడదు.

రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్‌ల విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు; ఎలా తీశారో అలాగే ఉంచితే చాలు. 1080పిలో తీసినదాన్ని 4కేగా ఎక్స్‌పోర్ట్ చేసినంత మాత్రాన కెమెరా పట్టుకోని వివరం పుట్టుకురాదు. సెకనుకు 25 ఫ్రేములతో తీసినదాన్ని 30గా మారిస్తే, ప్రతి ఐదు ఫ్రేములకూ ఒకటి రెండుసార్లు కనబడి, కెమెరా పక్కకు తిరిగే షాట్‌లో సన్నని కుదుపు తెలుస్తుంది. జాబితాలో 29.97 అనే వింత అంకె కనిపిస్తే భయపడకండి. 1953లో అమెరికాలో రంగుల టీవీ ప్రమాణం ఖరారైనప్పుడు, రంగు సంకేతం శబ్ద సంకేతంతో తగువు పడకుండా 30ని ఆ కాస్త తగ్గించారు, అది నేటికీ కొనసాగుతోంది. ఇంటర్‌లేస్డ్ (ఫ్రేములోని గీతలను సగం సగంగా చూపేది), ప్రోగ్రెసివ్ (ఫ్రేమును ఒకేసారి పూర్తిగా చూపేది) అని అడిగితే ప్రోగ్రెసివ్ అనండి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఫోన్లు చాలావరకు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేట్‌ను మారుస్తూ తీస్తాయి. అలాంటి క్లిప్‌లు పొడవైన వీడియోలో పోనుపోను మాటకూ పెదవులకూ పొంతన తప్పిస్తాయి, కాబట్టి ఎడిటింగ్‌కు ముందే హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని స్థిరమైన ఫ్రేమ్ రేట్‌లోకి మార్చుకోండి.

మీ శ్రద్ధంతా బిట్‌రేట్ మీద పెట్టమని నా కోరిక. ఒక సెకను వీడియోను ఎన్ని బిట్లలో ఇమడ్చాలో చెప్పే అంకె అది; ఫైలు బరువూ, బొమ్మ నాణ్యతా అన్నింటికంటే ఎక్కువగా దాని మీదే ఆధారపడతాయి. యూట్యూబ్ తన సూచనల్లో 1080పి వీడియోకు సెకనుకు 30 ఫ్రేముల దాకా 8 మెగాబిట్లు, 60 ఫ్రేములైతే 12 మెగాబిట్లు, 30 ఫ్రేముల 4కేకు 35 నుంచి 45 మెగాబిట్లు ఉండాలంటుంది. ఇవి కొలబద్దగా పనికొస్తాయి కానీ, మీ బొమ్మలో ఏముందో వాటికి తెలియదు. ఒకే చోట కూర్చుని పాఠం చెబుతున్న మనిషి 4 మెగాబిట్లలో కూడా చక్కగా కనిపించవచ్చు. అదే మనిషి వెనక వాన పడుతూ, గాలికి ఆకులు కదులుతూ ఉంటే ఏ ఫ్రేమూ ముందు ఫ్రేములాగా ఉండదు. ఎన్‌కోడర్ తన దగ్గరున్న బిట్లన్నీ చినుకుల మీద, ఆకుల మీద ఖర్చు పెట్టేస్తుంది. అప్పుడు ఆ మనిషి చెంపల మీది సహజమైన గరుకు పోయి, మైనం పూసినట్టు నున్నగా కనబడుతుంది, జుట్టు చుట్టూ చిన్న చిన్న చదరపు ముక్కలు తేలుతాయి. మీరు వాన కోసం ఆ షాట్ తీయలేదు, ముఖం కోసం తీశారు. సాఫ్ట్‌వేర్ మాత్రం వానను ఉంచుకుని ముఖాన్ని వదులుకుంది. అటువంటి వీడియోకు 8 బదులు 16 ఇవ్వడానికి వెనకాడకండి.

యూట్యూబ్ వంటి చోట్ల మీరు ఎక్కించిన ఫైలు నేరుగా ప్రేక్షకుడికి చేరదు; వాళ్లు దాన్ని మళ్లీ కుదిస్తారు. ఒకసారి చెడిన బొమ్మను మళ్లీ కుదిస్తే చెడిన ముక్కలను కూడా బొమ్మలో భాగమనుకుని వాటి కోసం బిట్లు వృథా అవుతాయి. అందుకే ఎక్కించే ఫైలు ఎప్పుడూ అవసరానికి మించి మెరుగ్గా ఉండాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా వీడియోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఫైలు ఇంతకు మించకూడదని ఎవరైనా పరిమితి పెట్టినప్పుడు లెక్క వెనక నుంచి చేయాలి. ఐదు నిమిషాల వీడియో 100 మెగాబైట్లలో ఇమడాలనుకోండి. 100 మెగాబైట్లంటే 800 మెగాబిట్లు, ఐదు నిమిషాలంటే 300 సెకన్లు; భాగిస్తే సెకనుకు 2.67 మెగాబిట్లు. శబ్దానికి 0.19 తీసేస్తే బొమ్మకు సుమారు రెండున్నర మిగులుతుంది. ఆ రెండున్నరను 1080పికి సాగదీసి పరచడం కంటే 720పికి దిగి, ఉన్న పిక్సెళ్లను శుభ్రంగా ఉంచడం మంచిదని నేను నమ్ముతాను. పెద్ద అంకె చూసి చాలామంది దీనికి ఒప్పుకోరు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేటప్పుడు ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 గిగాబైట్లకు చేరిన ఏ ఒక్క ఫైలునూ అది తీసుకోదు, లోపల ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఆ ఇబ్బంది లేదు.

బిట్‌రేట్ పక్కనే సీబీఆర్, వీబీఆర్ అని ఉంటాయి. మొదటిది ప్రతి సెకనుకూ ఇంచుమించు ఒకే ఖర్చు పెడుతుంది, లైవ్ ప్రసారాలకు అది కావాలి. రెండోది తేలికైన చోట మిగిల్చి, కష్టమైన చోట ఖర్చు పెడుతుంది; మీ పనులకు అదే తగినది. పరిమాణం కచ్చితంగా ఇమడాలంటే 2-పాస్ ఎంచుకోండి, అది వీడియోను ఒకసారి మొత్తం చూసి పంపకం నిర్ణయించుకుని, రెండోసారి ఎన్‌కోడ్ చేస్తుంది. బరువు పట్టింపు లేనప్పుడు, బిట్‌రేట్‌కు బదులు నాణ్యతను నిర్ణయించే సీఆర్‌ఎఫ్ అనే పద్ధతి నాకు ఇష్టం. హెచ్.264 ఫైళ్లను తయారుచేసే ఎక్స్264 ఎన్‌కోడర్‌లో దానికి 0 నుంచి 51 దాకా అంకెలుంటాయి, అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ముందే పెట్టి ఉండేది 23. దాచుకోవాలనుకున్న వీడియోకు 18 దగ్గర పెట్టి చూడండి. కుదించే పనిని గ్రాఫిక్స్ కార్డు వంటి ప్రత్యేక చిప్‌కు అప్పగించే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ అనే టిక్ పెడితే పని చాలా వేగంగా అవుతుంది కానీ, అదే బిట్‌రేట్‌లో నెమ్మదిగా చేసిన సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ సాధారణంగా మెరుగైన బొమ్మనిస్తుంది. నమూనా చూసుకోవడానికి వేగం, చివరి ఫైలుకు ఓపిక.

శబ్దానికి ఏఏసీ అనే కోడెక్, 48 కిలోహెర్ట్జ్, స్టీరియోకు 192 నుంచి 320 కిలోబిట్లు అంటే చాలు. 44.1 అనే అంకె ఆడియో సీడీలది, వీడియోలకు 48 వాడుక. మీటరులో శిఖరాలు సున్నాను తాకకుండా ఒక డెసిబెల్ కిందనే ఉండేలా చూసుకోండి, లేకపోతే కుదింపులో అవి పగిలినట్టు వినిపిస్తాయి. మనుషులు బొమ్మలోని లోపాన్ని సహించినంతగా మాటలోని లోపాన్ని సహించరు, అందుకని ఫైలు తగ్గించాల్సి వస్తే ఈ కొద్ది కిలోబిట్ల జోలికి పోకండి.

మీకు బాగా నచ్చిన పనులకు పంపే ఫైలుతో పాటు ఒక మాస్టర్, అంటే నాణ్యత దాదాపు తగ్గని మూల ప్రతి, కూడా తీసి పెట్టుకోండి. ఆపిల్ 2007లో తెచ్చిన ప్రోరెస్, ఆవిడ్ వారి డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే కోడెక్‌లు ఇందుకోసమే ఉన్నాయి. ఇవి ప్రతి ఫ్రేమునూ విడిగా దాస్తాయి, రంగు సమాచారాన్ని కూడా ఎక్కువగా ఉంచుతాయి. బరువు తప్పదు, 1080పిలో సెకనుకు 30 ఫ్రేముల ప్రోరెస్ 422 సెకనుకు 147 మెగాబిట్లు, నిమిషానికి ఒక గిగాబైటు పైనే. కానీ రేపు అదే వీడియోను వేరొక చోటికి వేరొక ఫార్మాట్‌లో ఇవ్వాల్సి వస్తే, అప్పటికే కుదించిన ఎంపీ4 నుంచి కాకుండా ఈ మాస్టర్ నుంచి తీసుకోవచ్చు. వెనక భాగం పారదర్శకంగా ఉండాల్సిన టైటిళ్లకు కూడా హెచ్.264 పనికిరాదు, ప్రోరెస్ 4444 వంటిది కావాలి.

అసలు ఎక్స్‌పోర్ట్‌కు ముందు, వీడియోలో అన్నింటికంటే కష్టమైన ఇరవై సెకన్లు ఏవో వెతికి, అక్కడ ఇన్, అవుట్ గుర్తులు పెట్టి ఆ ముక్కనే తీసి చూడండి. జనం కదులుతున్న చోటు, నీటి తరగలు, చీకటి గది, సాయంత్రపు ఆకాశం వంటివి. ఆకాశంలో మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తే, 8-బిట్ వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉండటం అందుకు ఒక కారణం. సన్నని గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కలు, కలిపితే ఆ పట్టీలు చెదిరిపోతాయి, అయితే ఆ గ్రెయిన్‌ను మోయడానికి బిట్‌రేట్ కూడా కొంచెం పెంచాలి. ముక్క నచ్చాక ఇన్, అవుట్ గుర్తులు తీసేయడం మరవకండి, లేకపోతే మొత్తం వీడియో బదులు మళ్లీ ఆ ఇరవై సెకన్లే వస్తాయి. పూర్తి ఫైలు తయారయ్యాక దాన్ని ఎడిట్ చేసిన కంప్యూటర్‌లో కాకుండా ఒక ఫోన్‌లోకో టీవీలోకో వేసుకుని చివరిదాకా చూడండి. నలుపులు బూడిదరంగుకు తిరిగాయా, చివరి నిమిషంలో కూడా మాటా పెదవీ కలిసే ఉన్నాయా, ఆఖరి ఫ్రేము తర్వాత నల్లని ఖాళీ ఏమైనా మిగిలిందా అని గమనించండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలేదాకా ప్రాజెక్ట్ ఫైలునూ, కెమెరా నుంచి తెచ్చుకున్న అసలు క్లిప్‌లనూ తొలగించకండి.

ఇట్లు,
మీ తాతయ్య